కోత పండుగలో రెండు టైర్లు

కృపావతి గారు వస్తున్నారని మా వీధిలో ముందు కుక్కలకి తెలుస్తుంది, తరువాత మా తేజకి. వాడికి నాలుగేళ్లు. పుట్టినప్పుడు ఊపిరి ఆలస్యంగా అందింది. తెలివికీ మాటకీ లోటు లేదు గానీ కాళ్ల కండరాలు బిగుసుకుపోతాయి, అందుకని నడక రాలేదు. బండి చప్పుడు వినపడగానే పాక్కుంటూ మంచం కిందికి దూరతాడు. కృపావతి గారు వాకిట్లో బండి ఆపి, హెల్మెట్ తీసి, "ఏరా, మంచం కింద ఎలుకలున్నాయా? ఉంటే రెండు పట్టుకురా" అంటూ లోపలికి వస్తారు. వాడు నవ్వు ఆపుకోలేక తనంతట తానే బయటికొస్తాడు. తరువాత ముప్పావుగంట సేపు ఏడుస్తాడు. ఎందుకంటే ఆవిడ వాడి పాదం పట్టుకుని మడమ కిందికి వచ్చేదాకా వంచి ఉంచుతారు. వాడి ఏడుపు చూసి నేను పక్క గదిలోకి వెళ్లిపోతే, "ఇటు రామ్మా, ఈ పని వారంలో ఆరు రోజులు నువ్వే చెయ్యాలి" అని పిలుస్తారు.

ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి ఆవిడ టీచరు. బడికి రాలేని పిల్లల ఇళ్లకే వెళ్లి అక్షరాలు నేర్పడం, కాళ్లూ చేతులూ సాగదీయించడం, కూర్చోవడం, నిలబడటం అలవాటు చేయించడం ఆవిడ ఉద్యోగం. ఉండేది పెనుగంచిప్రోలులో. యాభై దాటాయి. వదులు చుడీదారు, మేజోళ్లు, నల్ల బూట్లు, వంద సీసీల పాత మోటారు సైకిలు. స్కూటీ అయితే తేలిగ్గా ఉంటుంది కదా అని ఒకసారి అడిగాను.

"దాని చక్రాలు చిన్నవమ్మా. మీ నల్లరేగడిలో దిగబడితే అదీ నేనూ అక్కడే మొలకెత్తుతాం" అన్నారు.

ఆవిడ అమ్మానాన్నలు మిరప కోతలకి వెళ్లే కూలీలు. తమ్ముడు బెన్నికి పసితనంలోనే పోలియో వచ్చి కాళ్లు చచ్చుపడ్డాయి. వాణ్ణి చంకనెత్తుకుని బడికి తీసుకెళ్లింది ఈవిడే. తమ్ముడు బరువెక్కాక ఎవరిదో పాత సైకిలు అడిగి తెచ్చుకుని నేర్చుకున్నారు. అందరూ ముందు ఒంటరిగా తొక్కడం నేర్చుకుంటారు, ఈవిడ మాత్రం మొదటి రోజు నుంచీ వెనక మనిషిని కూర్చోబెట్టుకునే నేర్చుకున్నారట. బెన్ని ఇప్పుడు నందిగామ కోర్టు దగ్గర టైపింగు షాపు నడుపుతున్నాడు. అక్క గురించి అడిగితే ముఖం సీరియస్‌గా పెట్టి, "నన్ను మోసిందని అందరూ మెచ్చుకుంటారండి. మోసినంతసేపూ నాచేత ఎక్కాలు అప్పజెప్పించుకుంది. ఆ సంగతి ఎవరూ పట్టించుకోరు" అంటాడు.

కృపావతి గారు ఏ ఇంట్లోనూ ఏమీ తీసుకోరు. మంచినీళ్లు తాగుతారు, అంతే. మొదట్లో మా అత్తగారు పెరటి సొరకాయ ఒకటి సంచిలో పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

"ఇక్కడ సొరకాయ తీసుకుంటే, సొరకాయ లేని ఇంట్లోవాళ్లు నన్ను చూసి తల దించుకుంటారండి. తల దించుకున్నవాళ్లు పిల్లాడి సంగతి నాకు సరిగ్గా చెప్పరు."

"అట్లా అంటే ఎట్లమ్మా, మాకూ ఇవ్వాలని ఉంటుంది గదా" అన్నారు అత్తగారు.

"అంతగా ఇవ్వాలనిపిస్తే మీ గుళ్లో ఇవ్వండి. లేదంటే మా చర్చిలో కోత పండుగకి ఇవ్వండి. నాకు మాత్రం వద్దు."

కిందటి అక్టోబరులో మా ఊరికొచ్చే పత్తి చేల దారిలో ఆవిడ బండి జారింది. అప్పటికే వెనక టైరు అరచెయ్యిలా నున్నగా ఉంది, ముందు టైరు పక్కలు బీటలిచ్చాయి. అదృష్టం బాగుండి మెత్తటి మట్టిలో పడ్డారు, చీలమండ బెణికింది. విజయవాడలో నర్సింగు ఆఖరి సంవత్సరం చదువుతున్న కూతురు మహిమ ఆ రాత్రే ఫోన్ చేసింది. రెండు టైర్లూ కొత్తవి వేయించేదాకా ఆ బండి ఎక్కితే తను చదువు మానేసి వచ్చేస్తానని బెదిరించింది. టైర్ల డబ్బులు ఆ చదువు ఫీజులోనే కట్టేశారన్న సంగతి ఆ పిల్లకి తెలియదు. బండి కృపావతి గారింటి వసారాలో గోనెపట్టా కింద ఉండిపోయింది.

అప్పటి నుంచి ఆవిడ ఆటోల మీద తిరిగారు. ఆటోలు రోడ్డు పక్క ఊళ్ల వరకే వెళ్తాయి. మా ఊరు లోపలికి ఉంటుంది. మా ఆయన నరేంద్ర వెళ్లి తీసుకొస్తానంటే ఒక్కసారి వచ్చారు, రెండోసారి ఒప్పుకోలేదు.

"మీ బండి మీద మీ ఇంటికొస్తే, బండి లేని ఇంటికి నేను ఎవరి బండి మీద పోవాలి బాబూ?"

నేను కెమిస్ట్రీ చదివి జగ్గయ్యపేట దగ్గర సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో పని చేస్తున్నాను. ఏదైనా కొలిచి చూడందే నాకు నిద్ర పట్టదు. అక్టోబరులో తేజని గోడకి ఆనించి నిలబెడితే కుడి మడమ నేలకి తగిలేది. సంక్రాంతి దాటేసరికి మడమ కింద నా రెండు వేళ్లు దూరుతున్నాయి. ఆవిడ చెప్పినట్టే రోజూ చేస్తున్నాను, అయినా వాడు ఏడవగానే నా చెయ్యి వదులైపోతుంది. ఇలాగే బిగుసుకుపోతే ఆపరేషన్ తప్పదని విజయవాడ డాక్టరు ముందే చెప్పారు. సెలవు పెట్టి మేం వాణ్ణి నందిగామలో ఇలాంటి పిల్లల కోసం ఉన్న సెంటరుకి రెండుసార్లు తీసుకెళ్లాం. ఆవిడ వెళ్లే ఇంకో ఇల్లు పక్క ఊరి ఫ్రాన్సిస్‌ది. అతని కూతురికి పదకొండేళ్లు, ఆ పిల్ల బండి మీద కూర్చోనైనా లేదు.

వచ్చే విద్యా సంవత్సరం ఇళ్లకి తిరుగుతారో, సెంటరులోనే ఉండి పని చేస్తారో మార్చి ఆఖరుకల్లా రాసివ్వాలని పై అధికారులు కృపావతి గారిని అడిగారు. సెంటరే తీసుకోమని మహిమ పట్టుబట్టింది. బండి రోడ్డెక్కితే ఆవిడ మా ఊళ్లకి వస్తారు, లేకపోతే రారు. మాకు తెలిసిన లెక్క అదొక్కటే.

ఫ్రాన్సిస్ పత్తి రైతు, కృపావతి గారు వెళ్లే చర్చికే వెళ్తాడు. ఫిబ్రవరి మొదట్లో ఒక సాయంత్రం మా ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"కోత పండుగ వస్తోంది కదండీ. టైర్లు అందులో పెడదాం."

నాకు అర్థం కాలేదు. అప్పుడతను విడమరిచి చెప్పాడు. పంట చేతికొచ్చాక అందులో కొంత దేవుడికి ఇచ్చే ఆదివారమే కోత పండుగ. వడ్ల బస్తాలు, ఎండు మిరపకాయలు, పత్తి మూటలు, కోళ్లు, గుమ్మడికాయలు తెచ్చి చర్చిలో పెడతారు. ఆరాధన అయ్యాక వాటిని అక్కడే వేలం వేస్తారు, వచ్చిన డబ్బు చర్చికి పోతుంది.

"నేను అందరికీ చెప్పి ఉంచుతా, ఎవరూ పాడరు. టీచరుగారు రెండొందలకి పాడుకుంటారు. అప్పుడు ఆవిడ కొనుక్కున్నట్టే ఉంటది, మనం ఇచ్చినట్టు ఉండదు."

"టైర్లు పంట ఎట్లా అయితయ్యి ఫ్రాన్సిసూ?" అన్నారు అత్తగారు లోపల్నుంచి. ఆవిడ పుట్టిల్లు మధిర వైపు.

"పత్తి అమ్మి కొంటే పత్తేగా పెద్దమ్మా."

కృపావతి గారు వెళ్లే ఇళ్లన్నిటికీ కబురు పోయింది. కొందరు నరేంద్ర ఫోనుకి డబ్బు పంపారు, ఒకావిడ మిరపకాయల కూలి డబ్బు తెచ్చి నా చేతిలో పెట్టింది. సైజు కనుక్కునే పని నాకు పడింది. తేజ వ్యాయామం గురించి అడిగే నెపంతో పెనుగంచిప్రోలు వెళ్లి, ఆవిడ మంచినీళ్లు తేవడానికి లోపలికి వెళ్లగానే గోనెపట్టా ఎత్తి, టైర్ల పక్కన ఉన్న అంకెలు ఫోటో తీశాను. ఆవిడ గ్లాసుతో వచ్చి చూశారు.

"బండికి ఫోటో ఎందుకమ్మా?"

"తేజ చూడాలన్నాడండి."

"నన్ను చూసి దాక్కుంటాడు, నా బండి మాత్రం కావాలంట" అని నవ్వారు.

నందిగామలో హైవే పక్కన సతీష్‌బాబు టైర్ల షాపు ఉంది. నేనూ ఫ్రాన్సిస్ కలిసి వెళ్లాం. ఆ వారమంతా నేను టైర్ల గురించి ఫోన్‌లో చదువుతూనే ఉన్నాను. తడి రోడ్డు మీద బ్రేకు వేస్తే ఎంత దూరంలో ఆగుతుంది, ఏ గాడి నీళ్లని పక్కకి నెడుతుంది, ఇలాంటివన్నీ. ఆవిడ సగం దూరం హైవే మీద లారీల మధ్య వస్తారు, మిగతా సగం నల్లరేగడిలో. ఒక దారికి మంచిదైన టైరు రెండో దారికి మంచిది కాదు.

ఫ్రాన్సిస్ నేరుగా వెళ్లి పెద్ద పెద్ద బొడిపెలున్న టైరు మీద చెయ్యి వేశాడు. "ఇది బురదని గోళ్లతో పట్టుకున్నట్టు పట్టుకుంటది."

"హైవే మీద తడిలో అదే జారుతుంది ఫ్రాన్సిస్" అన్నాను.

"మీ ఊరి బురద మీకంటే నాకు ఎక్కువ తెలుసండి."

"ఊరి బురదలో పడితే చీలమండ బెణుకుతుంది. హైవే మీద పడితే?"

సతీష్‌బాబు మా ఇద్దర్నీ చూసి, "ఇంతకీ బండి ఎవరిదండీ?" అన్నాడు. చెప్పాను.

"టీచర్‌గారికా? ఆవిడ నెలకోసారి వస్తారండి. రేటు అడుగుతారు, టైరు నొక్కి చూస్తారు, కుండలో నీళ్లు తాగి వెళ్లిపోతారు. పోయిన నెల కూడా వచ్చారు. వాన లేని రోజు చూసి కొంటానన్నారు. జనవరిలో వానెక్కడిదండీ?"

మాకు నవ్వొచ్చింది. నవ్వేసి వదిలేశాం. ఆవిడకి ధర కంఠతా వచ్చని ఆయన మాకు చెప్పేశాడన్న సంగతి మా ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

చివరికి వెనక చక్రానికి లోతైన గళ్లున్నది, ముందు చక్రానికి నిలువు గాడులున్నది ఎంచాం. ఫ్రాన్సిస్ సగం గెలిచాడు, నేను సగం. వెనక టైరు పక్కన ఉన్న నాలుగంకెలు చూస్తే అది తయారై మూడేళ్లు దాటింది. రబ్బరు వాడకపోయినా గట్టిపడుతుంది, వేరేది ఇమ్మన్నాను. సతీష్‌బాబు మేడ మీదికి వెళ్లి కొత్తది తెచ్చి, తయారీ తేదీ నాకు కనపడేలా తిప్పి పెట్టాడు. ట్యూబులతో కలిపి మూడు వేల ఎనిమిది వందలైంది. బిగించే కూలి తను తీసుకోనన్నాడు.

"మా అక్క కొడుకుని బళ్లో నిలబెట్టింది ఆవిడేనండి" అన్నాడు, పంక్చరు నీళ్ల తొట్టి వైపు చూస్తూ.

కోత పండుగ ఆదివారం నేనూ నరేంద్ర తేజని ఎత్తుకుని వెళ్లి చర్చిలో వెనక వరసన కూర్చున్నాం. బల్ల ముందు మిరపకాయల ఘాటుకి పిల్లలు తుమ్ముతున్నారు. గుమ్మడికాయలకీ వడ్ల బస్తాకీ మధ్య మా టైర్లు, వాటి చుట్టూ ఎవరో బంతిపూల దండ వేశారు. కృపావతి గారు ముందు చాప మీద మహిమ పక్కన కూర్చున్నారు. టైర్లని ఒకసారి చూశారు, మళ్లీ పాటల పుస్తకంలోకి తల దించుకున్నారు.

వేలం వేసేది సంఘ పెద్ద శాంతయ్య గారు. మొదటి గుమ్మడికాయ ఎత్తారు. వంద అన్నారు ఎవరో, ఇంకెవరో మూడొందలు అన్నారు. చూస్తుండగానే ఆ కాయ తొమ్మిది వందలకి పోయింది. నాకు మతి పోయింది. ఫ్రాన్సిస్ చెవిలో అడిగాను.

"బజార్లో యాభై కూడా ఉండదుగా?"

"కోత పండుగలో బజారు ధరకి ఏదీ పోదండి. ఎక్కువ పాడటమే గొప్ప. తక్కువకి పోతే దేవుడికి చిన్నతనం."

"మరి మన టైర్లు?"

ఫ్రాన్సిస్ నా వైపు చూశాడు. అతని ముఖంలో రంగు మారింది. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న పండుగే. ఎవర్నీ పాడనివ్వకూడదన్న ధ్యాసలో పడి, అందరూ పోటీపడి పాడే చోట ఆ మౌనం ఎలా ఉంటుందో అతను ఊహించలేదు.

కోడి పన్నెండు వందలకి పోయింది. అప్పుడు శాంతయ్య గారు టైర్లు రెండు చేతులతో ఎత్తారు.

"మోటారు సైకిలు టైర్లు. ముందుదొకటి, వెనకదొకటి, ట్యూబులతో సహా. పేరు చెప్పొద్దన్న రైతులు అర్పించారు. పాట వంద."

ఎవరూ కదల్లేదు.

"వందమ్మా. బండి లేనోళ్లు కూడా పాడొచ్చు, చెట్టుకి ఉయ్యాల కట్టుకోవచ్చు."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. కృపావతి గారు నెమ్మదిగా అన్నారు.

"రెండొందలు."

"రెండొందలు ఒకటోసారి, రెండోసారి, మూడో..." శాంతయ్య గారు ఊపిరి కూడా తీసుకోలేదు.

"ఆగండి అన్నా." ఆవిడ లేచి వెనక్కి తిరిగారు. "ఇందాక గుమ్మడికాయకి తొమ్మిదొందలు పాడిన నాయన ఉన్నాడా, వెళ్లాడా?"

"ఉన్నా అక్కా" అన్నాడు ఒక మూల నుంచి లావుపాటి మనిషి.

"నీకు బండి ఉందిగా. టైర్లు వద్దూ?"

"మొన్ననే మార్చా అక్కా."

"బయట నీ బండి చూశా. దాని కంటే నా టైర్లే నయం."

ఈసారి నవ్వు ఎవరూ ఆపుకోలేదు. ఆవిడ మాత్రం నవ్వలేదు. మా వరస దాకా అందర్నీ ఒకసారి కలయజూసి, ముందుకు తిరిగారు.

"ఐదొందలు."

"ఎవరది?" అన్నారు శాంతయ్య గారు.

"నేనే."

"మీ పాట మీద మీరే పాడితే ఎట్టా అక్కా?"

"దేవుడి ముందు తక్కువ పాడాననిపించింది, సరిచేసుకుంటున్నా. తప్పయితే చెప్పండి."

శాంతయ్య గారు పాస్టరు ప్రేమానందం గారి వైపు చూశారు. ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ, "పాడనివ్వండి" అన్నారు.

"వెయ్యి. రెండు వేలు."

మహిమ చున్నీ పట్టి లాగింది. "అమ్మా, నీకు పోటీ ఎవరూ లేరు. కూర్చో."

"పోటీ లేదని దేవుడి సొమ్ము ఊరికే పట్టుకుపోదామంటావా?" అని ఆవిడ శాంతయ్య గారి వైపు తిరిగారు. "నందిగామ సతీష్‌బాబు షాపులో ఇవి రెండూ మూడు వేల ఎనిమిది వందలన్నా. పోయిన నెల కూడా అడిగా. మూడు వేల తొమ్మిదొందలు. బజారు మీద వంద ఎక్కువ. ఇప్పుడు కొట్టండి మూడోసారి."

శాంతయ్య గారు బల్ల మీద చరిచారు. తేజ కూడా చప్పట్లు కొట్టాడు.

ఆ డబ్బు ఆవిడ అప్పటికప్పుడు ఎక్కడి నుంచి తెస్తారో నాకు అర్థం కాలేదు. ఫ్రాన్సిస్‌ని అడిగితే తల గోక్కున్నాడు. పాట డబ్బు ఈస్టరు లోపు ఎప్పుడైనా, విడతలుగానైనా కట్టొచ్చట. ఏటా గుమ్మడికాయలకీ కోళ్లకీ ఉన్న పద్ధతే. దుకాణంలో దొరకని ఆ వెసులుబాటు ఆవిడకి ఆ బల్ల దగ్గర దొరికింది. మేం అనుకున్నదొక్కటీ జరగలేదు, టైర్లు మాత్రం ఆవిడ చేతికొచ్చాయి.

బయట బోరింగు దగ్గర ఆవిడ మమ్మల్ని పట్టుకున్నారు.

"ఎవరిదీ తెలివి?"

ఫ్రాన్సిస్ నన్ను చూపించాడు. నేను ఫ్రాన్సిస్‌ని చూపించాను.

"మీరు దేవుడికిచ్చారు, మంచిదే. కాదనడానికి నేనెవర్ని? నేను దేవుడి దగ్గర కొనుక్కున్నా. ఇప్పుడు మీకూ నాకూ మధ్య ఏమీ లేదు. గుర్తుంచుకోండి." టైరు మీద వేలు నిలువుగా రాసి చూసి, "ముందుది కూడా బొడిపెలదే కావాలని గొడవ చేసుంటావే ఫ్రాన్సిస్?" అన్నారు.

"ఈ అమ్మాయి సాగనివ్వలేదండి."

"నయమే."

మహిమ టైర్లు రెండూ తనే భుజాన వేసుకుని ముందు నడిచింది. నాలుగడుగులు వేశాక వెనక్కి తిరిగి, "హెల్మెట్ పట్టీ పెట్టుకోదండీ మా అమ్మ. మీ ఇంటికొచ్చినప్పుడు కాస్త చూడండి" అంది నాతో.

సోమవారం మధ్యాహ్నం కుక్కలు మొరిగాయి. ఆవిడ బండి ఆపి, హెల్మెట్ తీశారు. పట్టీ పెట్టుకునే వచ్చారు. తేజని నేల మీద కూర్చోబెట్టి, పాదం అరచేతిలోకి తీసుకుని, కుడి మడమని అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశారు. నేను ఎదురుగా కూర్చుని ఆవిడ ముఖమే చూస్తున్నాను. జూన్ కల్లా వీడు నిలబడతాడని ఆవిడ కిందటేడు నాతో అన్నారు. ఆ మాట మళ్లీ వింటానేమోనని ఆశ. ఇన్ని చేశాం కదా, ఆ ఒక్క మాట అంటారని లోపల ఎక్కడో అనుకున్నాను కూడా.

"నాలుగు నెలలు పోయాయమ్మా" అన్నారు. "నువ్వు రోజూ చేశావు గానీ, ఏడిస్తే వదిలేశావు. ఇక్కడ బిగుసుకుంది, చెయ్యి పెట్టి చూడు. జూన్‌కి నిలబడడు. దసరాకి ఏమన్నా చెప్పగలనేమో. ఆపరేషన్ రాదని కూడా ఇవాళ చెప్పను."

నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆవిడ చూశారు గానీ మాట మార్చలేదు, మెత్తబరచలేదు. మా దగ్గర ఒక్క సొరకాయ తీసుకుని ఉన్నా ఈ మాట ఇంత సూటిగా చెప్పగలిగేవారా అనిపించింది.

"సెంటరులో ఉంటానని రాసివ్వలేదు కదండీ?" అని అడిగాను.

"ఇళ్లకే తిరుగుతానని పొద్దున్నే రాసిచ్చి వస్తున్నా. ఇప్పుడు నువ్వు పట్టుకో. నేను కాదు, నువ్వు. మోకాలు వంగనివ్వకు."

తేజ గుక్క పెట్టాడు. నా చెయ్యి వదులవుతుంటే ఆవిడ తన చెయ్యి నా చేతి మీద వేసి అదిమారు.